మన పిల్లలు వినవలసిన, చదువవలసిన పుస్తకములు

మాతృభాష ఇంట వినబడుచున్నంత మాత్రమున పిల్లలకు ఆ భాషలో చదువు అలవడదు. తెలుగునాట పెరుగు బాలునకు బస్సులమీది పేర్లు, అంగళ్ల ముందరి పలకలు ప్రతిదినము అక్షరములను జ్ఞప్తికి తెచ్చుచుండును. తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన పిల్లలకు ఆ సహాయము లేదు. 2006లో వెలువడిన తమిళ బోధన చట్టము ననుసరించి తమిళము ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా పై తరగతులకు తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళమును, ఆంగ్లమును చక్కగా నేర్చుట మన పిల్లలకు మేలే. కాని తెలుగునకు మిగులు కాలము స్వల్పమగుటచే, ఆ చదువు భారము చాలవరకు ఇంటిపై పడినది. ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగున తమ పేరు వ్రాయనేరని కుటుంబములు మనలో అనేకములు కలవు. అక్షరము పోయి మాట మాత్రమే మిగిలినచో, కొంతకాలమునకు ఆ మాటయు పలుచబడును.

ఏ పుస్తకము కొనవలెనని తల్లిదండ్రులు అడుగుచుందురు. పుస్తకము నెన్నుకొనుటకు ముందు గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. మన పిల్లల చెవి వారి కంటికంటె ముందున్నది. వినినచో సులభముగా గ్రహింపగల కథనే, అక్షరములు కూడబలుకుకొని చదువవలసి వచ్చినపుడు విసిగి విడిచిపెట్టుదురు. శక్తియంతయు కూడబలుకుటలోనే వ్యయమగును; వాక్యము చివరకు చేరునప్పటికి మొదలు మరపునకు వచ్చును. కావున కథను ముందు వినిపించి, పిమ్మట ఆ పుస్తకమునే చేతికీయవలెను. తెలిసిన కథలో రాబోవు మాటను మనస్సు ముందుగానే ఊహించును. కన్ను దానిని అక్షరములలో పోల్చుకొనును. చదువు అప్పుడు శిక్షగా తోపదు.

ఇది క్రొత్త పద్ధతి కాదు. అక్షరజ్ఞానము లేని పల్లెలలో భారత భాగవతములు పురాణ కాలక్షేపములవలనను, హరికథలవలనను నిలిచినవి. మదరాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లలకు తెలుగు వినోదమును పంచిరి. నేడు చేతిఫోను ఆ పని చేయగలదు.

ఆరేడేండ్ల పిల్లలకు చిన్న వాక్యములు, పెద్ద బొమ్మలు గల పుస్తకములు తగును. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అను అంతర్జాల గ్రంథాలయమున తెలుగు కథలు వెల లేకుండ లభించును. వానిని చదువు స్థాయినిబట్టి నాలుగు మెట్లుగా విభజించినారు. మూడవ తరగతి బాలుడైనను తెలుగున వెనుకబడియున్నచో మొదటి మెట్టునుండియే ఆరంభింపుడు. అందు చిన్నతనమేమియు లేదు.

ఎనిమిదేండ్లు దాటినవారికి చందమామ కథలకు సాటి లేదు. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో మదరాసునుండి వెలువరించిన ఈ మాసపత్రిక నేడు వెలువడుట లేదు గాని, పాత సంచికలు అంతర్జాలమున దొరకుచున్నవి. అందలి బేతాళ కథలు బిగ్గరగా చదువుటకు మిక్కిలి అనువైనవి. బేతాళుడు ప్రశ్న అడిగిన తావున పుస్తకము మూసి, "నీవు విక్రమార్కుడవైనచో ఏమి చెప్పుదువు?" అని పిల్లల నడుగుడు. వారి సమాధానము విన్న పిమ్మటనే రాజు సమాధానమును చదువుడు. ఒక్కొక్కప్పుడు పిల్లల తీర్పే మిన్నగా నుండును.

హాస్యమునకు ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు కలదు. బాపుగారి బొమ్మలతో కూడిన ఈ పుస్తకము పసివాని నోటిమాటగానే నడచును గనుక, కంటితో చదువుటకంటె పైకి చదివినపుడు దాని సొగసు తెలియును. పది పన్నెండేండ్లవారికి నండూరి రామమోహనరావుగారు తెనిగించిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, కాంచనద్వీపము రుచించును. కంచెకు సున్నము వేయు పనిని టామ్ తన తోటివారికి ఉపాయముగా అంటగట్టు ఘట్టము వినిన బాలుడు తక్కిన పుస్తకమును విడువడు.

పై తరగతులవారికిని, తల్లిదండ్రులకును మరి రెండు పుస్తకములు ముఖ్యముగా చెప్పదగును. నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి పచ్చనాకు సాక్షిగా చిత్తూరు సీమ మాటలో వ్రాయబడినది. స. వెం. రమేశ్‌గారి ప్రళయకావేరి కథలు పులికాటు సరస్సు పరిసరములలోని తెలుగువారి జీవితమును వారి పలుకుబడిలోనే చూపును. మన యిండ్లలోని తెలుగు పుస్తకములలోని తెలుగువలె లేదని పిల్లలు సిగ్గుపడుట కద్దు. అట్టివారికి ఈ పుస్తకములు వినిపింపుడు. సరిహద్దు సీమల మాటయు అచ్చునకు అర్హమైనదేయని వారికి ధైర్యము కలుగును.

గ్రాంథిక భాషయనిన భయపడువారికి చిన్నయసూరిగారి నీతిచంద్రికలో మిత్రలాభమును కొంచెము కొంచెముగా వినిపింపవచ్చును. 1853లో అచ్చయిన ఆ గ్రంథమును రచించినవారు తమిళనాటి శ్రీపెరుంబుదూరులో పుట్టినవారే యని చెప్పుట మరువకుడు. మన పిల్లలు తెలుగు సాహిత్యమునకు పొరుగువారు కారు.

పెద్దలకు తెలుగు చదువు రానిచో నిరాశ పడనక్కరలేదు. దాసుభాషితము అను శ్రవణ పుస్తకముల సంస్థ, హర్షణీయము అను కథాశ్రవణ వేదిక తెలుగు రచనలను చక్కని కంఠములతో వినిపించుచున్నవి. అందు పెద్దల కథలును కలవు గనుక, ముందు మీరు విని పిమ్మట పిల్లలకు వినిపింపుడు. తెలుగు చదువగల అవ్వగాని తాతగాని ఇంట నున్నచో, వారు చదువుచుండగా ఫోనులో పట్టి యుంచుడు. ఉచ్చారణలో లోపమున్నను బాధ లేదు. ఆ కంఠముకంటె ప్రియమైన శ్రవణ పుస్తకము పిల్లలకు వేరొకటి దొరకదు.

దినమునకు పావుగంట చాలును. మొదటిసారి కథను ఊరక విననిండు. రెండవసారి పుస్తకము తెరచి, వినబడు వాక్యము క్రింద వ్రేలు నడుపుచు వినుమని చెప్పుడు. మూడవసారి ఒక పుట వారిచేత చదివింపుడు. తప్పు పలికినపుడు గద్దింపక, సరియైన మాటను మెల్లగా అందింపుడు. కథ ముగియగానే నీతి యేమని పరీక్షింపరాదు; నవ్విన తావున మీరును నవ్విన చాలును.

తుదకొక మనవి. ఒక్కొక్క కుటుంబము అన్ని పుస్తకములను కొనజాలదు. ఇచ్చిపుచ్చుకొనినచో ఎవరికిని కొరత యుండదు. పుస్తకమును పొరుగింటికి పంపునపుడు, మీ పిల్లలు ఎచ్చట నవ్విరో, ఏ కథను మరల అడిగిరో ఒక చీటిపై తెలుగున వ్రాసి అందుంచుడు. ఆ చీటిని మీ పిల్లలే వ్రాసినచో మరియు మంచిది. పుస్తకము మంచిదని పెద్దలు పదిమార్లు చెప్పుటకంటె తోటి బాలుడు ఒక్కమారు చెప్పిన మాటయే పిల్లలకు రుచించును. వ్రాసినవానికి అక్షరములును నిలుచును.