హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్‌కు కండెన్సరే కాపలా

సుచిత్ర: సొంతంగా హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ తయారు చేసుకోదలచిన యువకులు ఇంటి కరెంటు జోలికి పోకుండా 9 వోల్టుల బ్యాటరీతో మొదలుపెట్టడం క్షేమం. సుచిత్ర, మేడ్చల్, శామీర్‌పేట వారికి విడిభాగాలు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ఎల్‌ఎం 386 అనే ఎనిమిది కాళ్ల ఐసీలు చెవికొకటి చొప్పున రెండు కావాలి. 1, 8 కాళ్లను ఖాళీగా వదిలితే ఐసీ సంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది. బ్యాటరీ ప్లస్ 6వ కాలికి, మైనస్ 4వ కాలికి కలపాలి.

పాట 5వ కాలి నుంచి వస్తుంది. అక్కడ 220 మైక్రోఫారడ్ కండెన్సర్ ప్లస్ వైపును తప్పక అతికించి, రెండో వైపు నుంచే హెడ్‌ఫోన్‌కు తీగ ఇవ్వాలి. అది లేకుంటే బ్యాటరీలో సగం వోల్టేజీ నేరుగా హెడ్‌ఫోన్‌కు చేరి లోపలి తీగచుట్ట కాలిపోవచ్చు. అందుకే తొలి పరీక్ష పాత హెడ్‌ఫోన్‌తోనే చేయాలి.

వాల్యూం పూర్తిగా తగ్గించాకే చెవికి పెట్టుకోవాలి. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.