గచ్చు మీద నాలుగు ఖండాలు

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణంలో, బటర్‌మార్కెట్ వీధిలో ‘ఏన్షంట్ హౌస్’ అనే పాత మేడ ఉంది. పుట్టుక పదిహేనో శతాబ్దానిది. 1660-70 మధ్య రాబర్ట్ స్పారో అనే యజమాని వీధి వైపు గోడంతా గచ్చు బొమ్మలతో నింపించాడు. పై అంతస్తు కిటికీల కింద ఐరోపా, ఆసియా, ఆఫ్రికా, అమెరికా మనుషుల రూపంలో కనిపిస్తాయి. ఆస్ట్రేలియా లేదు. కెప్టెన్ కుక్ దాని తూర్పు తీరం చేరింది 1770లో!

ఈ ఇల్లు చాలాకాలం పుస్తకాల షాపు, ఆ తర్వాత వంటసామాన్ల షాపు. దుకాణానికి వీధి వైపు వెడల్పాటి అద్దాలు కావాలి. బరువు మోసే ఇటుక గోడలో అంత ఖాళీ తెరిస్తే పై అంతస్తుకు ప్రమాదం. కానీ ఇలాంటి ఇళ్లలో బరువంతా ఓక్ కర్రల చట్రానిది. గోడ ఆ కర్రల సందులను మూసే కప్పు మాత్రమే. అప్పటి వడ్రంగులు పచ్చి ఓక్‌నే వాడేవారు. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, మరోదాని బెజ్జంలో దూర్చి, చెక్క మేకు దిగగొట్టేవారు. కర్ర ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, వంగుతుంది. అందుకే పాత చట్రాలు కాస్త ఒరిగి కనిపిస్తాయి.

మరి కదిలే చట్రం మీద గచ్చు ఎలా నిలిచింది? నా దృష్టిలో అసలు అద్భుతం ఇదే. సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే వేడెక్కి తడిసున్నమవుతుంది. దాన్ని ఇసుకతో, పశువుల వెంట్రుకలతో కలిపి చెక్క బద్దల మీద మెత్తేవారు. వెంట్రుకలు పగుళ్లను ఆపుతాయి. పోయిన వాయువునే గాలిలోంచి తిరిగి పీల్చుకుంటూ, సున్నం నెలల తరబడి మెల్లగా గట్టిపడి మళ్లీ రాయవుతుంది. అది సిమెంటంత బిరుసు కాదు. కర్ర కదలికకు కొంత సర్దుకుంటుంది. సన్నని పగుళ్లలోకి వాననీరు దిగితే కాస్త సున్నం కరిగి, అక్కడే పేరుకుని వాటిని పూడుస్తుంది. మన చార్మినార్ మీది గచ్చుపని నిలిచిందీ సున్నం బలంతోనే.

ఇలాంటి ఇళ్లకు మరమ్మతు పేరుతో సిమెంటు పూయడం పెద్ద అపచారం. తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, లోపల ఓక్ కుళ్లుతుంది. బయటికి మాత్రం గోడ నున్నగా, బాగానే కనిపిస్తూ ఉంటుంది. ఏన్షంట్ హౌస్ ఇప్పుడు గ్రేడ్-1 రక్షిత కట్టడం. లోపల ఏ వ్యాపారం నడిచినా, కట్టడం స్వరూపం మారే పనికి ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే.