భూటాన్‌ను తొలిసారి కాగితంపై పెట్టిన చిత్రకారుడు

1783లో వారన్ హేస్టింగ్స్ ఈస్టిండియా కంపెనీ తరఫున టిబెట్‌కు ఒక రాయబార బృందాన్ని పంపాడు. హిమాలయాల మీదుగా వ్యాపారానికి దారి తెరవాలని అతని కోరిక. బృందానికి నాయకుడు శామ్యూల్ టర్నర్, వైద్యుడు రాబర్ట్ సాండర్స్. దారి సర్వే చేసి, చూసిన చోట్ల బొమ్మలు గీయడానికి వెంట వెళ్లినవాడు శామ్యూల్ డేవిస్. అప్పటికి అతనికి 23 ఏళ్లు.

టర్నర్, సాండర్స్ టిబెట్ చేరి, అక్కడి బౌద్ధ మతగురువు, ఇంకా రెండేళ్లయినా నిండని పంచెన్ లామాను దర్శించుకున్నారు. డేవిస్‌కు మాత్రం టిబెట్ అధికారులు అనుమతి ఇవ్వలేదు. భూటాన్‌లోనే ఆగిపోయిన కాలం అతనికి బాగా కలిసొచ్చింది. థింఫూ, పునాఖా, వాంగ్డూ ఫోడ్రాంగ్‌లలోని కోటలను, చుఖా దగ్గరి ఇనుప గొలుసుల వంతెనను, లోయల్లోని ఇళ్లను అతను ఓపిగ్గా చిత్రించాడు. ఫోటోగ్రఫీ పుట్టడానికి అర్ధశతాబ్దం ముందు మాట ఇది.

ఇలాంటి ప్రయాణాలకు నీటిరంగులే అనువు. తైలవర్ణాలు ఆరడానికి రోజులు పడుతుంది; నీటిరంగు నిమిషాల్లో ఆరిపోతుంది. సరంజామా చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది. ముందు పెన్సిలుతో గీతలు వేసి, నీడలకు బూడిదరంగు పూత పూసి, దానిపై పలచగా రంగులు అద్దేవారు. వెలుగు పడే చోట తెల్లకాగితాన్ని అలాగే వదిలేసేవారు. కొండల దూరాన్ని, పొగమంచును చూపడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. ఆ రోజుల్లో బొమ్మ గీయడం సైనిక విద్యలో భాగం కూడా. ఇంగ్లండులో వూలిచ్ సైనిక పాఠశాలలో పాల్ శాండ్‌బీ వంటి పేరున్న చిత్రకారుడే క్యాడెట్లకు చిత్రలేఖనం నేర్పాడు. కోట ఎక్కడుంది, నది ఎటు మలుపు తిరిగింది, వంతెన దేనిమీద నిలిచింది అన్నవి కంపెనీకి కావలసిన సమాచారం. ఆ అవసరం కోసమే పంపినా, డేవిస్ బొమ్మల్లో గూఢచారి చూపు కన్నా ఆ కట్టడాల మీద గౌరవమే ఎక్కువగా కనిపిస్తుంది. వాలుగోడలు, చెక్క బాల్కనీలు, వెడల్పాటి చూరులు, అన్నీ కొలత తప్పకుండా ఉంటాయి.

భూటాన్‌లో కోటను జోంగ్ అంటారు. కాగితంపై నక్షా గీయకుండా, మేస్త్రీల అనుభవంతోనే వాటిని కట్టడం అక్కడి సంప్రదాయం. అగ్నిప్రమాదాలు, భూకంపాలు వచ్చినప్పుడల్లా తిరిగి కట్టుకుంటూ వచ్చారు. అందుకే పద్దెనిమిదో శతాబ్దపు జోంగ్‌ల రూపం తెలుసుకోవడానికి డేవిస్ చిత్రాలకు సాటివచ్చే ఆధారం అరుదు.

టర్నర్ 1800లో అచ్చువేసిన యాత్రాగ్రంథంలో వాటిలో కొన్ని చేరాయి. 1813లో విలియం డేనియల్ మరికొన్నిటిని రాగిరేకులపై చెక్కి ముద్రించాడు. అనేక మూలచిత్రాలు ఇప్పుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు బ్రిటిష్ కళా కేంద్రంలో ఉన్నాయి.

డేవిస్ గీసిన వాంగ్డూ ఫోడ్రాంగ్ జోంగ్ 2012 జూన్‌లో మంటల్లో కాలిపోయింది. పదేళ్ల శ్రమతో భూటానీయులు దాన్ని అదే కొండ అంచున మళ్లీ నిలబెట్టారు.