నేరము - మనస్సు

ఒక ఊరిలో దొంగతనము జరిగినప్పుడు జనులు సామాన్యముగా వేయు ప్రశ్న యొక్కటే: "ఎవరు చేసిరి?" దొంగ పట్టుబడినచో ఆ ప్రశ్న తీరిపోవును. కాని దాని వెనుక మరి రెండు ప్రశ్నలు మిగిలియుండును. ఆ మనిషి ఆ పని ఏల చేసెను? అట్టి పనులు కొన్ని చోట్ల, కొన్ని కాలములందు ఏల హెచ్చుగా జరుగుచున్నవి? మొదటి ప్రశ్నకు సమాధానము వెదకునది మనస్తత్త్వశాస్త్రము. రెండవదానికి వెదకునది నేరశాస్త్రము. నేడు లోకమున అనేక విశ్వవిద్యాలయములందు ఈ రెండింటిని జతగూర్చి చదువుట కవకాశము గలదు.

మనస్తత్త్వశాస్త్రము జ్ఞాపకము, భయము, కోపము, అలవాటు మొదలగువానిని పరిశీలించును. నేరశాస్త్రము నేరములను లెక్కించి, బీదరికము, నిరుద్యోగము, మద్యపానము, దుస్సహవాసము మున్నగువానితో వానికి గల సంబంధమును విచారించును. శిక్షల వలన కలుగు ఫలితమెట్టిదో పరీక్షించును. ఒకటి మనిషి లోపల చూచును. మరియొకటి మనిషి చుట్టును చూచును. ఈ రెండు చూపులును కలియనిచో ఎట్టి అనర్థము వాటిల్లునో చరిత్ర చెప్పుచున్నది.

ఇటలీ దేశపు వైద్యుడు లాంబ్రోసో 1876లో ఒక గ్రంథమును ప్రచురించి, నేరస్థులలో పలువురు పుట్టుకతోనే అట్టివారనియు, దవడ, నుదురు, చెవుల ఆకారమును బట్టి వారిని గుర్తింపవచ్చుననియు వాదించెను. ఆ వాదము మిక్కిలి ప్రచారము పొందెను. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అను చెరసాల వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీల కొలతలను ఇతరుల కొలతలతో పోల్చి, 1913లో ఫలితములను వెల్లడించెను. నేరస్థులకొక ప్రత్యేకాకృతి కలదనుట నిరాధారమని తేలినది.

పుట్టు నేరస్థుడను భావము అక్కడ శాస్త్రమున కూలుచుండగా, మన దేశమున అది చట్టరూపమున నిలిచియుండెను. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసెను. 1911లో చేసిన చట్టము మద్రాసు రాజధానికిని వర్తించెను. ఒక తెగను ప్రభుత్వము ఆ పట్టికలో చేర్చినచో, ఆ తెగవారి పేర్లు నమోదు చేయుటకు, వ్రేలిముద్రలు తీయుటకు, వేళకు హాజరు చెప్పించుటకు, అనుమతి లేక ఊరు దాటకుండ కట్టడి చేయుటకు అధికారులకు హక్కు కలిగెను. తెలుగునాట ఎరుకలవారు ఇందులకు గురియైరి. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురమను నివాసస్థలము వెలసినదియు ఆ 1913లోనే.

ఇందలి దోషమును రెండు శాస్త్రములును రెండు విధముల చూపును. ఎవరిపై నిఘా హెచ్చో వారే హెచ్చుగా పట్టుబడుదురు. కావున పట్టుబడినవారి లెక్క ఒక్కటే ఆ తెగ స్వభావమునకు సాక్ష్యము కాజాలదని నేరశాస్త్రము హెచ్చరించును. దొంగబిడ్డయని నిత్యము పిలువబడు బాలుడు, తనకు వేరు దారి లేదని తలపోయవచ్చునని మనస్తత్త్వశాస్త్రము తెలుపును. స్వాతంత్ర్యానంతరము 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. కాని చట్టముతో పాటు ముద్ర చెరగిపోలేదు. మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలతయు, ఆమె భర్త లవణమును 1970వ దశకమున స్టువర్టుపురమున పనిచేసి, నేరమార్గమును విడిచినవారిని సంఘము తిరిగి స్వీకరించునట్లు కృషి సల్పిరి.

సాక్ష్యము విషయముననుగూడ ఈ చదువు ప్రయోజనకారియే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున బెర్లిన్ విశ్వవిద్యాలయమున లిస్ట్ అను న్యాయశాస్త్రాచార్యుని తరగతిలో ఒక విచిత్ర పరీక్ష జరిగినది. ముందు చేసికొన్న ఏర్పాటు ప్రకారము ఇద్దరు కలహించిరి. ఒకడు తుపాకి తీసెను. పిదప చూచినవారిచే జరిగినది చెప్పించిరి. ఒక్కరి కథనమును తప్పు లేనిదిగా నుండలేదు. వారెవ్వరును అబద్ధమాడలేదు, భయము, తొందర, ఊహ వారి జ్ఞాపకమును మార్చివేసినవి. నిజము చెప్పదలచిన సాక్షియు పొరబడవచ్చునని న్యాయస్థానము ఎరిగియుండనిచో నిరపరాధి చెరసాల పాలగును.

మన చట్టములును ఈ జ్ఞానమును కోరుచున్నవి. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, పదునారేండ్లు నిండి పదునెనిమిదేండ్లు నిండని వానిపై ఘోరాపరాధము మోపబడినచో, ఆ పనిని చేయుటకును, దాని పర్యవసానమును గ్రహించుటకును వానికి గల మానసిక శక్తిని బాలల న్యాయమండలి ముందుగా అంచనా వేయవలెను. అందులకు అనుభవజ్ఞులైన మనస్తత్త్వవేత్తల సాయము పొందవచ్చును. ఒక బాలుని జీవితమే ఆ అంచనాపై ఆధారపడియుండును.

కన్నడ సీమ సరిహద్దున నున్న గుడిబండ 2022 వరకు అనంతపురము జిల్లాలోనిది. ఆ అనంతపురము చేరువనే, రెడ్డిపల్లెలో 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రము వెలసినది. సత్ప్రవర్తన గల ఖైదీలు అక్కడ ఎత్తైన గోడలు లేక సేద్యము చేయుదురు. నమ్మకము చూపినచో మనిషి నిలుచునా యను ప్రశ్న మనస్తత్త్వమునకు చెందినది. విడుదలయైనవారు మరల నేరము చేయుచున్నారా యను లెక్క నేరశాస్త్రమునకు చెందినది. రెండును కలిసినగాని అట్టి చెరసాల విలువ తెలియదు.

మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయమున 1916లో, మైసూరులో 1924లో మనస్తత్త్వశాస్త్ర శాఖలు వెలసినవి. సాగర్ విశ్వవిద్యాలయమున 1959లో నేరశాస్త్ర శాఖ ఏర్పడెను. నేడు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రమును, మద్రాసు, ధార్వాడ విశ్వవిద్యాలయములందు నేరశాస్త్రమును అభ్యసింపవచ్చును. చదివినవారు చెరసాలలందు, బాలల సంరక్షణాలయములందు, బాధితుల సహాయ కేంద్రములందు పనిచేయుదురు. వారికి ఓర్పుతో వినుట, లెక్కలను శంకించి చూచుట, తొందరపడి తీర్పు చెప్పకుండుట అవసరము.

నేరమునకు కారణము తెలిసికొనుట నేరమును మన్నించుట కాదు. సొమ్ము పోయినవాని దుఃఖమును నిజమే. నేరము రుజువైనవానికి శిక్షయు తగినదే. కాని శిక్ష జరిగిపోయినదానికి మాత్రమే సమాధానము. మరియొక యింట అట్టి దుఃఖము కలుగకుండుటకు దారి వెదకుట ఈ చదువు పని.