తెరచిన తలుపు

విద్యాలయపు తలుపు తెరచుట యొక కార్యము. లోనికి వచ్చినవారికి పీట వేసి కూర్చుండబెట్టుట వేరొక కార్యము. మొదటిది జరిగినంత మాత్రమున రెండవదియు జరిగినదని తలంపరాదు. అమెరికా దేశమందలి యొక శాస్త్రవిద్యాపీఠపు చరిత్రము ఈ భేదమును మనకు చక్కగా తెలుపును.

ఆఫ్రికా ఖండమునుండి బలాత్కారముగా కొనిపోబడిన నల్లజాతివారు అమెరికాలో రెండువందల యేండ్లకు పైగా బానిసలై మ్రగ్గిరి. 1865లో దాస్యము చట్టముచే తొలగెను గాని, వారిపట్ల చిన్నచూపు తొలగలేదు. దక్షిణ రాష్ట్రములలో పాఠశాలలు, రైలుపెట్టెలు, భోజనశాలలు సైతము వారికి వేరుగా నుండెడివి.

మాసచూసెట్స్ రాష్ట్రమున 1861లో స్థాపింపబడిన ఎం.ఐ.టి. అను సాంకేతిక విద్యాపీఠము జగద్విఖ్యాతమైనది. 1888లో రాబర్ట్ టేలర్ అను నల్లజాతి యువకుడు వాస్తుశాస్త్రము నభ్యసించుటకై అందు చేరెను. అతని తండ్రి వడ్రంగము, గృహనిర్మాణము ఎరిగినవాడు. 1892లో టేలర్ పట్టము పొందెను. ఆ విద్యాపీఠమున పట్టభద్రుడైన మొట్టమొదటి నల్లజాతివాడు అతడే. పిమ్మట అతడు అలబామా రాష్ట్రమందలి టస్కీగీ విద్యాలయమునకు పోయి, అచ్చటి భవనములకు రూపకల్పన చేసెను. అచ్చటి విద్యార్థులే ఇటుకలు చేసి, గోడలు కట్టిరి. తాను గడించిన విద్యను టేలర్ ఈ విధముగా తనవారికి పంచిపెట్టెను.

తలుపు తెరువబడెను. మరి లోపలి స్థితి యెట్లున్నది? టేలర్ పట్టము పొందిన 72 సంవత్సరములకు, అనగా 1964లో, షిర్లీ జాక్సన్ అను యువతి అదే విద్యాపీఠమున చేరెను. ఆమె చిన్ననాడు తుమ్మెదలను పట్టి సీసాలలో నుంచి, వాని నడవడిని పరిశీలించిన కుశాగ్రబుద్ధి. అంత పెద్ద విద్యాపీఠములో నాడు నల్లజాతి విద్యార్థులు ఇరువదిమందికి మించి లేరు. తోడి విద్యార్థినులు గుంపుగూడి పాఠములు చదువుకొనుచుండగా తానును చేరబోయిన ఆమెను వారు చేర్చుకొనరైరి. నల్లజాతి బాలికలు ఏదేని చేతిపని నేర్చుకొనుట మేలని యొక ఆచార్యుడు హితవు కూడ చెప్పెను. ఆమె చిన్నబుచ్చుకొనక, భౌతికశాస్త్రమే తన పని యని నిశ్చయించుకొనెను.

1968 ఏప్రిల్ 4వ తేదీన మార్టిన్ లూథర్ కింగ్ హత్య గావింపబడెను. పై చదువునకు వేరొక చోటికి పోవు నాలోచనలో నున్న జాక్సన్, ఆ వార్త విని మనసు మార్చుకొని, ఎం.ఐ.టి.లోనే నిలిచెను. మిత్రులతో కలసి నల్లజాతి విద్యార్థి సంఘమును స్థాపించెను. యోగ్యులు తామై వత్తురని వేచియుండక, వారిని వెదకి పిలువవలెనని ఆ సంఘము అధికారులను కోరెను. అధికారులు ఆలకించిరి. 1969 వేసవి మొదలు, క్రొత్తగా చేరువారికి తరగతులకు ముందే పాఠములు చెప్పు నేర్పాటు జరిగెను. కొలది యేండ్లలోనే నల్లజాతి విద్యార్థుల సంఖ్య యనేక రెట్లు పెరిగెను.

1973లో జాక్సన్ డాక్టరు పట్టము నందెను. అచ్చట దానిని పొందిన తొలి నల్లజాతి స్త్రీ ఆమెయే. 1995లో అమెరికా అణుశక్తి నియంత్రణ సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. 1999 మొదలు 2022 వరకు రెన్సిలేర్ సాంకేతిక విద్యాపీఠమునకు అధ్యక్షత వహించెను. నాడు ఆమె ఆ హితవు విని వెనుదిరిగియుండినచో నష్టము ఆమె యొక్కతెదేనా? శాస్త్రమునకును, దేశమునకును గూడ కాదా?

ఇట్టివారి చరిత్రములు మరుగుపడరాదని కార్టర్ వుడ్సన్ అను చరిత్రకారుడు 1926లో నల్లజాతి చరిత్ర వారమును నెలకొల్పెను. బానిసలుగా నుండి విముక్తి పొందిన తలిదండ్రులకు పుట్టి, బొగ్గుగనిలో పనిచేసి, హార్వర్డులో డాక్టరు పట్టము పొందిన మహనీయుడతడు. 1976 నుండి ఫిబ్రవరి మాసమంతయు అక్కడ ఈ చరిత్రోత్సవము జరుగుచున్నది. విద్యాపీఠములు గూడ దీనిని జరుపుకొనును. గతించినవారిని కొనియాడుటతో పాటు, నేడు తమ తరగతిలో ఒంటరిగా కూర్చున్నవారెవరని చూచుకొనుటయు ఇందలి ప్రయోజనము.

బాలబాలికలారా! మీ తరగతికి క్రొత్తగా వచ్చిన విద్యార్థి భాషయో, ఊరో, కులమో వేరైనదని దూరముగా నుంచకుడు. ప్రక్కకు జరిగి చోటిండు. తెరచిన తలుపునకు అప్పుడే సార్థకత.