పరదేశంలో బక్షీసు

పిఠాపురంలో పాదగయ గట్టున పితృకార్యం చేయించుకొనడానికి వచ్చే యాత్రికులను గమనించినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. సంభావన ఎంతో ముందుగా మాట్లాడుకున్న గృహస్థు నిశ్చింతగా కర్మ ముగించి రైలెక్కుతాడు. మాట్లాడుకోనివాడు చివరి ఘట్టంలో కొంత పెనుగులాడక తప్పదు. అసలు గయలోనైతే, సుఫలం పలికేముందు దక్షిణ తేల్చుకొనే ఆచారం ఏనాటినుంచో ఉన్నది. 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడా, క్షేత్రాలలో పండాలకూ గయావళులకూ ఇచ్చుకోవలసిన సొమ్ము సంగతి తమ యాత్రాచరిత్రలో వ్రాయకుండా ఉండలేదు.

ఇప్పుడు మన గోదావరి ప్రాంతంవారి యాత్రలు గయతో ఆగడం లేదు. అమెరికాలో ఉన్న పిల్లలను చూడబోయే తల్లిదండ్రులున్నారు. పదవీ విరమణ చేసి, దాచుకున్న సొమ్ముతో సింగపూరు, సింహళం, నేపాళం, ఐరోపా చూచి వచ్చే దంపతులున్నారు. అక్కడ కారు నడిపినవానికి, ఊరు చూపించినవానికి కిరాయి గాక ఇంకేమైనా ఇవ్వాలా, ఇస్తే ఎంత ఇవ్వాలి అన్నది వీరందరినీ వేధించే ప్రశ్న.

మనకు ఈ విషయం కొత్త కాదు. అన్నవరానికో ద్రాక్షారామానికో కారు మాట్లాడుకున్నప్పుడు కిరాయి వేరు, డ్రైవరు బత్తా వేరు. బత్తా దయాధర్మం కాదు, అతని హక్కు. దారిలో మనతోపాటు అతనికీ భోజనం పెట్టించడం మర్యాద. ఇల్లు చేరిన తర్వాత సంతోషించి చేతిలో పెట్టే నోటు మాత్రమే బక్షీసు. బక్షీసు పారసీకపు మాట. ఈజిప్టులో దిగినవారికి అక్కడ కూడా ఇదే మాట వినిపిస్తుంది. ఈనాము అనే మాటకు ఇంతకంటె చిత్రమైన చరిత్ర ఉన్నది. అర్థం బహుమానమే అయినా, ఒకప్పుడు గ్రామసేవ చేసేవారికి జీతానికి బదులుగా ఇచ్చిన భూములను కూడా ఈనాములనే అన్నారు. పేరు బహుమతి, పని జీతానిది. విదేశాలలో మనకు ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉన్నది. మనం బహుమతి అనుకున్నది ఒక దేశంలో పనివాని జీతంలో భాగం. మరొక దేశంలో నిజంగానే బహుమతి. వేరొక చోట అది ఇవ్వజూపడమే ఇబ్బంది.

అమెరికా సంగతి చూడండి. ఆ దేశపు కేంద్ర చట్టం ప్రకారం సాధారణ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. కాని బక్షీసులు వచ్చే పనివారికి యజమాని తన చేతినుంచి 2.13 డాలర్లు ఇస్తే చాలునని 1991 నుంచి ఉన్నది. మిగిలినది బక్షీసులతో పూరించుకోవాలి. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు ఈ వెసులుబాటును ఒప్పుకోవు. ఈ లెక్క ముఖ్యంగా భోజనశాలలవారిది. అయినా అలవాటు టాక్సీకీ, యాత్రా బస్సుకూ, గైడుకూ వ్యాపించింది. నూరు డాలర్ల కిరాయికి పదిహేను నుంచి ఇరవై డాలర్లవరకు ఇవ్వడం అక్కడ వాడుక. “కంపెనీకి కట్టిన డబ్బు చాలదా?” అని మనవారు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. అమెరికనులు కూడా ఆ ప్రశ్న వేసుకున్నారు: 1909లో వాషింగ్టన్ రాష్ట్రం బక్షీసులను నిషేధిస్తూ చట్టమే చేసింది, నాలుగేండ్లకు రద్దుచేసుకున్నది. అయితే ఆ వాదం కంపెనీతో పెట్టుకోవలసినది గాని, సాయంకాలం మన సామాను దింపుతున్న మనిషితో కాదు.

జపానులో ఇందుకు విపరీతం. టాక్సీవానికి చిల్లర వదిలితే, మరచిపోయారనుకొని వెనుకనే వచ్చి ఇచ్చినా ఆశ్చర్యం లేదు. సొంతానికి కుదుర్చుకున్న గైడుకు ఇవ్వదలచినా, నోటు పైకి కనబడకుండా కవరులో పెట్టి ఇవ్వడం అక్కడి మర్యాద. మన పెండ్లిండ్లలో చదివింపుల కవరు వంటిదే కాబోలు.

ఐరోపా నగరాలలో “ఉచిత” పాదయాత్రలని ప్రకటనలు కనిపిస్తాయి. రెండు గంటలు నడిపించి ఊరి కథంతా చెప్పే ఆ గైడుకు ఆ పూట రాబడి బక్షీసే. కొన్నిచోట్ల తలకింత చొప్పున అతడే నిర్వాహకులకు ఎదురు కట్టవలసి ఉంటుంది కూడా. ఉచితమన్నారు గదా అని చివర మెల్లగా తప్పుకొనేవారు అతని చేతి సొమ్ముతో ఊరు చూచినట్లే. ఇందులో మాత్రం నాకు సందేహం లేదు: ఇవ్వడం ఇష్టం లేనివారు ఆ నడకకు వెళ్ళకుండా ఉండడమే మేలు.

అదే ఐరోపాలో బక్షీసుతో కొనలేనిది ఒకటున్నది. బస్సు డ్రైవరు రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపరాదు. వారానికి రెండు రోజులు మాత్రం పదిగంటలు చెల్లును. నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట విరామం ఉండవలసిందే. ఇదంతా బస్సులోని యంత్రం నమోదుచేస్తుంది. “ఇంకొక్క గుడి చూపించు నాయనా, నీకేదో ఇస్తాము” అంటే అతడు తల అడ్డంగా ఊపుతాడు. అది గర్వం కాదు, అతని లైసెన్సు భయం.

సింహళంలోనూ నేపాళంలోనూ ఒకే డ్రైవరు వారం పదిరోజులు మనవెంట ఉంటాడు. దేవుడి దర్శనానికి మనల్ని పంపి తాను బండి దగ్గర కాపలా ఉంటాడు. ఇటువంటివానికి ఏ రోజుకారోజు కాక, చివరి రోజున ఒక్కసారి ఇవ్వడం బాగుంటుంది. గైడూ డ్రైవరూ వేరువేరుగా ఉంటే ఇద్దరికీ వేరువేరుగా, ఎవరి చేతికి వారికి ఇవ్వాలి. ఒకరిద్వారా ఇస్తే రెండవవానికి ఎంత చేరిందో మనకు తెలియదు. గైడు తీసుకుపోయిన దుకాణంలో ఏదో కొని, అదే అతనికి బక్షీసు అనుకోవడం కూడా సరి కాదు. కమిషను ఉన్నదో లేదో మనకేమి తెలుస్తుంది?

బయలుదేరేముందు యాత్రా సంస్థ ఇచ్చిన కాగితంలో “రుసుములో చేరనివి” అన్న భాగం శ్రద్ధగా చదవాలి. డ్రైవరుకూ గైడుకూ తలకు రోజుకు ఇంత అని చాలామంది అక్కడే వ్రాస్తారు. దంపతులిద్దరికీ, అన్ని రోజులకూ లెక్కవేస్తే అది చిన్న మొత్తం కాదు. ఆ సొమ్ము వేరుగా తీసిపెట్టుకుంటే దారిలో దిగులుండదు. ముందే వసూలుచేశారా, మళ్ళీ ఇవ్వాలా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. డబ్బు మార్చుకొనేటప్పుడు పెద్ద నోట్లతోపాటు చిన్నవీ అడిగి తీసుకోండి. మన నాణేలు అక్కడివారికి పనికిరావు, బ్యాంకులవారు మార్చరు. ఇక చివరి ఉదయం విమానాశ్రయానికి తీసుకుపోయేవాడు చాలాసార్లు కొత్త డ్రైవరు. మిగిలిన డబ్బంతా ముందురోజు సాయంకాలమే చాకొలెట్లకు ఖర్చుచేయకుండా అతనికొక నోటు విడిగా ఉంచండి.