గుండె తవ్వుకునే కొత్త కాలువలు

గంగా పరీవాహక ప్రాంతపు లోతులేని పిల్లకాలువల్లో, వరిచేల పక్కన గడ్డినీడ పడే తేటనీటిలో జీబ్రా చేప తళుక్కుమంటూ తిరుగుతుంది. వేలెడైనా లేని వెండి ఒళ్లు, తలనుంచి తోకదాకా సాగిన నీలి చారలు. ఆ మిలమిలల మాటున చిట్టి ఎర్రని గుండె. 2002లో శాస్త్రవేత్తలు ఆ గుండె జఠరికలో ఐదోవంతు కోసి చూశారు. రెండు నెలల్లో అది మళ్లీ మొలిచింది! గాయం తగిలిన చోటికి కొత్త రక్తనాళాలైతే రోజు తిరగకముందే బయల్దేరతాయట.

ఆ బయల్దేరడం చూసి తీరాల్సిన వింత. ప్రాణవాయువు అందక అలమటించే కణజాలం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వెదజల్లుతుంది. ఆ జాడ తగలగానే దాపులోని కేశనాళిక గోడలో అంతదాకా నిద్రాణంగా ఉన్న ఒక కణం మేలుకుంటుంది. పందిరి వెతుక్కునే గుమ్మడి నులితీగలా సన్నసన్నని కొసలు చాచి, తడుముకుంటూ, ఆ ప్రోటీన్ చిక్కగా ఉన్నవైపే సాగుతుంది. వెనకే మరికొన్ని కణాలు వరుసకట్టి, ఒకటి రెండై, లోపల బోలుబారి లేత గొట్టం కడతాయి. అటునుంచి వచ్చే మరో చిగురు ఎదురై కొసాకొసా కలిసిందా, ఇక ఆ కొత్త దారివెంట ఎర్రెర్రని రక్తకణాలు బిలబిలమంటూ వచ్చేస్తాయి.

మనిషి గుండెకూ ఈ విద్య కొంత తెలుసు. గుండెకు రక్తాన్ని అందించే కరోనరీ ధమని ఏళ్లతరబడి పచ్చని కొవ్వుతో పూడుకుపోతుంటే, పక్కనున్న సన్నని నాళాలు రక్తపు ఒరిపిడికి మెల్లమెల్లగా వెడల్పవుతాయి. యాంజియోగ్రామ్ తెరమీద అవి మెలికలు మెలికలుగా సాగి, మూసుకుపోయిన ధమనిని అవతలివైపునుంచి అందుకుంటాయి. గినీ పిగ్‌కు ఇలాంటివి పుట్టుకతోనే ఎంత దట్టమంటే, ఒక ధమనిని కట్టేసినా దాని గుండె కండరం చావదు.

1990ల చివర్లో బోస్టన్ వైద్యుడు జెఫ్రీ ఇస్నర్ బృందం వీఈజీఎఫ్ జన్యువును రోగుల గుండె కండరంలోకే సూదితో ఎక్కించింది. ఎన్నో ఆశలు చిగురించాయి. కానీ వీఈజీఎఫ్ ప్రోటీన్‌నే ఇచ్చి చూసిన పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే రెండు నెలలకు స్పష్టమైన మేలు కనబడలేదు. చిగురు రావడం వేరు, అది కారకుండా నిలిచి, కండరపు తొడుగు తొడుక్కుని ధమనిగా ముదరడం వేరు. అందుకు ఎన్నో సంకేతాలు వేళకు, ఒకదానివెంట ఒకటి అందాలి. సృష్టి ఆ వరుసను ఇంకా మన చేతికివ్వలేదు.

అందాకా మన గుండె తానుగా వేసుకునే ఆ పక్కదారులే దిక్కు, కానీ అవి వెడల్పవడానికి వారాలు పడతాయి. రక్తం అందని గుండె కండరం గంటల్లో చచ్చిపోతుంది. ఛాతీలో బరువు, ఒళ్లంతా చెమట, ఎడమచేతిలో లాగుడు మొదలైతే గ్యాస్ నొప్పి అనుకుని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.